సిగరెట్ పెట్టెలో దొరసానమ్మ

దైవాశీర్వాదం సిగరెట్ తాగడు, నాటకం చూడడు. పెళ్లి మాటలప్పుడు ఈ రెండు సంగతులూ ఆయన తండ్రి పిల్ల తరపువాళ్లకు ప్రత్యేకంగా చెప్పాడు, వాళ్లు ప్రత్యేకంగా సంతోషించారు. అలాంటి మనిషి మిషిగన్‌లోని ట్రాయ్ అనే ఊళ్లో, సొంత ఇంటి బేస్‌మెంట్‌లో, వందేళ్లనాటి సిగరెట్ పెట్టెల్లో వచ్చిన నాటకాల ఆడవాళ్ల బొమ్మలు పోగుచేసి ఆల్బమ్‌లో పెట్టుకున్నాడు.

"సిగరెట్లు లేవు, నాటకాలు లేవు అని మీ నాన్నగారు మా నాన్నకి చెప్పారు. మీరేమో రెండూ కలిపి ఒకే డబ్బాలో తెచ్చుకున్నారు," అంది ఆయన భార్య మణి. ఆవిడ ఆస్పత్రిలో నర్సు. మనుషులు ఏమేం దాచుకుంటారో రోజూ చూస్తూనే ఉంటుంది కాబట్టి అంతకు మించి ఏమీ అనలేదు.

ఆ డబ్బా 1978లో వచ్చింది. వీధి చివర ఒక ముసలాయన ఇల్లు ఖాళీ చేస్తూ, పాత సామాన్లు అమ్మడానికి గరాజ్ సేల్ పెట్టాడు. ఆశీర్వాదం డ్రిల్ బిట్ల కోసం వెళ్లి ఒక పాత చుట్టల పెట్టె తెచ్చుకున్నాడు. పైన డ్రిల్ బిట్లు, వాటి కింద తుప్పుపట్టిన మేకులు, మేకుల కింద ఆడవాళ్లు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద అట్టముక్కలు, వాటి మీద గోధుమరంగు ఫొటోలు. ఇవేమిటని అడగడానికి వెనక్కి వెళితే ముసలాయన ఓపిగ్గా చెప్పాడు. ఆ కాలంలో సిగరెట్ పెట్టెలు మెత్తటి కాగితంతో చేసేవాళ్లు. జేబులో నలిగిపోకుండా లోపల ఒక అట్ట పెట్టేవాళ్లు. ఉత్త అట్ట ఎందుకని దాని మీద నాటకాల్లో వేషాలు వేసే అమ్మాయిల ఫొటోలు అంటించారు. ఆ ఫొటోల కోసం మగవాళ్లు ఇంకో పెట్టె కొన్నారు. మా తాత వీటికోసమే తాగి తాగి పోయాడు అని కూడా చెప్పాడు. ఆశీర్వాదం విచారం వెలిబుచ్చి ఇంటికి వచ్చాడు.

వాటిని పారేయవచ్చు. పారేయలేదు. దానికి కారణం బాపట్ల దగ్గర ఆయన పుట్టిన ఊరు. తండ్రి అక్కడి మిషన్ బడిలో హెడ్‌మాస్టరు. ఊళ్లోకి నాటకం కంపెనీ వచ్చిందంటే చాలు, అది ఉన్నన్నాళ్లూ ఇంట్లో ప్రార్థన పొడుగయ్యేది. పిల్లలు మోకాళ్ల మీద ఉండగానే అవతల గుడారంలో ఒక ఆడమనిషి పద్యం ఎత్తుకుని రాగం తీసేది. ఆ రాగం తండ్రి ప్రార్థన కంటే బాగా వినపడేది. ఆ మనిషి ఎలా ఉంటుందో ఆశీర్వాదం ఎన్నడూ చూడలేదు. అప్పుడు గొంతు విన్నాడు, మొహం చూడలేదు. ఇప్పుడు ఇన్ని మొహాలు దొరికాయి, ఒక్కదానికీ గొంతు లేదు. రెండూ కలిపితే ఎక్కడో సరిపోతుందని ఆయనకు అనిపించింది. ఆ తర్వాత ఎక్కడ పాత సామాన్ల సంత జరిగినా వెళ్లి, పెట్టెల అడుగున వెతికేవాడు.

కారు తలుపు వేసినప్పుడు టప్‌మని ఒక చప్పుడు వస్తుందే, అది ఆయన ఉద్యోగం. పెద్ద కంపెనీలకు కారు తలుపుల గడియలు చేసిపెట్టే ఒక చిన్న కంపెనీలో డ్రాయింగులు గీసేవాడు. గడియ వెంట్రుకవాసి వదులైతే తలుపు గలగలలాడుతుంది, బిగువైతే పడనే పడదు. ఆఫీసులో ఆయన్ని డేవ్ అనేవాళ్లు. ఆయన కాదనలేదు. కాదనడం ఆయనకు చిన్నప్పటి నుంచీ రాని విద్య. ఇక్కడ చెప్పబోయేదంతా ఆ విద్య రాకపోవడం వల్ల జరిగిందే.

ఆల్బమ్‌ను కూడా ఒక పద్ధతి ప్రకారం అమర్చాడు. పేర్ల వరసలో పెడదామంటే సగం బొమ్మలకు పేర్లు లేవు. పేర్లుండే కింది అంచును పాతకాలంలో ఎవరో కత్తెరతో కత్తిరించేశారు. అందుకని బట్టల వరసలో పెట్టాడు. మెడ నుంచి మడమల దాకా కప్పుకున్నవాళ్లు మొదటి పేజీలో ఉంటారు. అక్కణ్ణించి పేజీ తిప్పేకొద్దీ గౌను అంచు కాస్త కాస్త పైకి జరుగుతుంది. చివరి పేజీల్లో మగవేషాలు వేసిన ఆడవాళ్లు, కాళ్లకు అంటుకుపోయిన మేజోళ్లతో, చేతిలో కత్తితో, బట్టా బంకా కలిపి చేసిన ఉత్తుత్తి కొండ మీద ఒక కాలు మోపి నిలబడతారు. ఆ కొండ దాదాపు అందరి వెనకా ఉంటుంది. స్టూడియో ఒకటే కాబట్టి రాణికైనా దాసికైనా అదే కొండ.

ఆఫీసు, బేస్‌మెంట్ పోను ఆయనకు మిగిలిన లోకం తెలుగు సంఘం. ట్రాయ్, నోవై చుట్టుపక్కల తెలుగు క్రైస్తవ కుటుంబాలు ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చి వెనక హాలు అడిగి తీసుకుని ఆరాధన జరుపుకునేవి. దేవకుమార్ అనే ఆయన వారమంతా కార్ల కంపెనీలో ఇంజనీరు, ఆదివారం అందరికీ పాస్టరు అయ్యగారు. ఆశీర్వాదానికి పాట రాదు, ప్రసంగం రాదు. అందరికంటే ముందు వచ్చి కుర్చీలు వేస్తాడు, అందరూ వెళ్లాక తీసేస్తాడు. అమెరికా మొత్తంలో ఆయన్ని అసలు పేరుతో పిలిచే చోటు అదొక్కటే. ఆ చోటు పోతే తాను డేవ్‌గానే చచ్చిపోతానని ఆయనకు తెలుసు.

ఆ సంఘంలో నెలకొక ఇంట్లో గృహకూడిక ఉండేది. కీర్తనలు, వాక్యం, భోజనం మామూలే. దానికి తోడు, అయ్యగారు అందరినీ వెంటబెట్టుకుని గది గదికీ వెళ్లి ప్రార్థన చేసేవాడు. మన వైపు కొత్త ఇంట్లో చేరినప్పుడు చేసేది, ఇక్కడ ఎవరింటికి వెళ్లినా చేశారు. పడగ్గది, వంటగది, బట్టలుతికే మిషను గది, అన్నీ. బేస్‌మెంట్‌ను ఎవరూ మినహాయించరు.

1984 మార్చిలో వంతు ఆశీర్వాదం ఇంటికి వచ్చింది. బేస్‌మెంట్‌లో ప్రార్థన జరుగుతుంది కాబట్టి ఆయన ఆల్బమ్‌ను తెలివిగా పైకి తెచ్చి, ముందుగదిలో సోఫా పక్క బల్ల కింద, పెళ్లి ఆల్బమ్ కింద దాచాడు. అంతమంది కిందికి దిగుతుంటే పైన ఎవరుంటారని ఆయన అనుకోలేదు.

పైన కరుణమ్మ ఉంది. ఆవిడ దేవకుమార్ తల్లి. గుంటూరు నుంచి కొడుకు దగ్గరికి వచ్చి ఏడాది కావస్తోంది. మోకాళ్ల నొప్పులు, మెట్లు దిగడం ఆవిడ వల్ల కాదు. పసితనంలోనే తల్లీ తండ్రీ పోతే, మిషన్ వాళ్ల ఆడపిల్లల బోర్డింగులో పెరిగి, అక్కడే చదువుకుని, అలాంటి బడుల్లోనే టీచరుగా పనిచేసిన మనిషి. ఊరికే కూర్చోవడం చేతకాక ఆవిడ బల్ల కింద చెయ్యి పెట్టింది. పెళ్లి ఆల్బమ్ చూసింది, అయిపోయింది, కిందది తీసింది.

జనం ఆమేన్ చెప్పుకుని మెట్లెక్కి వచ్చేసరికి ఆల్బమ్ ఆవిడ ఒళ్లో ఉంది. మొదటి పేజీలో ఒక బొమ్మ మీద వేలు పెట్టి ఏడుస్తోంది. ఆశీర్వాదానికి పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఏంటమ్మా, ఏమైంది?" అన్నాడు దేవకుమార్.

"మా దొరసానమ్మ గారురా. హార్నరమ్మ గారు. నన్ను పెంచినావిడ. వయసులో ఉన్నప్పుడు తీయించుకున్నట్టుంది. ఆ కాలరు చూడు. చేతిలో బైబిలు చూడు."

అందరూ వంగి చూశారు. నల్లటి పొడుగు గౌను, గడ్డం దాకా కాలరు, చేతిలో పుస్తకం, పైకెత్తిన కళ్లు. ఏ నాటకంలో ఏ వేషమో, భగవంతుడికే ఎరుక. కానీ గుంటూరు, కృష్ణా జిల్లాల మిషన్ బడుల్లో చదివి, మిషన్ ఆస్పత్రుల్లో పుట్టినవాళ్ల కళ్లకు, గడ్డం దాకా కాలరున్న తెల్ల ఆడమనిషి చేతిలో పుస్తకం పట్టుకుంటే అది దొరసానమ్మ గారే. ఆ గదిలో ఉన్న ప్రతివాళ్లూ అలాంటి ఒక ఫొటో కింద కూర్చుని ఎక్కాలు నేర్చుకున్నవాళ్లే. తెల్ల ఆడవాళ్లు ఇంకే పనికైనా అలా నిలబడతారని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

"ఆశీర్వాదం గారూ, ఇవన్నీ మిషనరీల ఫొటోలా? మీరు కలెక్ట్ చేస్తున్నారా?" అన్నాడు దేవకుమార్. ఆయన గొంతులో గౌరవం ఉంది. ఆశీర్వాదంతో ఎవరూ ఎన్నడూ ఆ గొంతుతో మాట్లాడలేదు.

"పాతవి అయ్యగారూ," అన్నాడు ఆశీర్వాదం.

"ఎక్కడ దొరికాయండీ?"

"మా వీధిలో ఒకాయన దగ్గర. వాళ్ల తాతగారివట."

"ఆయన కూడా సేవలో ఉన్నవారేనా?"

ఆశీర్వాదం అబద్ధం ఆడే మనిషి కాడు. ఉన్నదేదో చెప్పాడు. "వీటికోసమే ప్రాణం పోగొట్టుకున్నాడట అయ్యగారూ."

వెనకనుంచి ఎవరో స్తోత్రం అన్నారు. కరుణమ్మ కళ్లు తుడుచుకుని పేజీ తిప్పింది. కాలర్లు కొంచెం దిగాయి. ఇంకో పేజీ తిప్పబోయింది. అక్కడ చీలమండలు మొదలవుతాయి. మణి వంటగది గుమ్మంలోనుంచి గబగబా వచ్చి, ఆల్బమ్ తీసేసి, ఆ ఒళ్లోనే పులావు ప్లేటు పెట్టి, "వేడిగా ఉన్నప్పుడే తినండి అమ్మగారూ," అంది. ఆల్బమ్ ఆ తర్వాత బట్టల అలమారలో దుప్పట్ల కిందికి వెళ్లింది.

అయితే ఆ ఒక్క బొమ్మను మాత్రం దేవకుమార్ అడిగి తీసుకున్నాడు. ఇవ్వనని చెప్పాలంటే ఎందుకివ్వడో చెప్పాలి. ఆఫీసులో ఫొటోలు తీసే స్నేహితుడితో దాన్ని పెద్దది చేయించి, ఫ్రేమ్ కట్టించి, ఈస్టర్ ఆదివారం హాలుకు తెచ్చాడు. పెద్దది చేసేసరికి వెనక ఉన్న ఉత్తుత్తి కొండ స్పష్టంగా కనపడింది. ఇక అయిపోయింది, ఎవరో ఒకరు అడుగుతారు అనుకున్నాడు ఆశీర్వాదం.

"ఆ కొండ చూశారూ, అది కొండవీడే. మా కాంపౌండులో నుంచి అట్టాగే కనపడేది," అంది కరుణమ్మ.

అందరూ చూసి, కొండవీడే అన్నారు. ఫిరంగిపురం వైపు నుంచి చూస్తే అలాగే ఉంటుందని ఒకాయన వివరం కూడా చెప్పాడు.

హాలు మన సొంతం కాదు కాబట్టి ఫ్రేమ్‌ను గోడకు శాశ్వతంగా వేలాడదీయడానికి లేదు. ప్రతి ఆదివారం తగిలించి, ఆరాధన అయ్యాక తీసి, కీర్తనల పుస్తకాల అలమారలో పెట్టాలి. ఆ పని ఎవరిదవుతుంది? కుర్చీలు వేసే మనిషిదే అయింది. ప్రతి ఆదివారం ఆశీర్వాదం తన చేతులతో ఒక నాటకాల మనిషిని దేవుని మందిరంలో గోడకెక్కించి, వంకర లేకుండా సర్ది, వెనక్కి వచ్చి కూర్చునేవాడు. తండ్రి బతికుంటే ఏమనేవాడో ఆలోచించకుండా ఉండటానికి కీర్తనలు గట్టిగా పాడటం మొదలుపెట్టాడు. పాట రాదు కాబట్టి అది ఎవరికీ మేలు చేయలేదు.

ఇంతవరకూ అయితే ఆయన మింగలేక కక్కలేక అలాగే గడిపేసేవాడేమో. ఆయన్ని నిజంగా పట్టి కుదిపింది వేరే సంగతి. ఆరాధనకు ముందు ఆయన కుర్చీలు వేస్తుంటే కరుణమ్మ ఆ ఫొటో ఎదురుగా కూర్చుని దొరసానమ్మ గారి గురించి చెప్పేది. కొడుకు పాటలు ప్రాక్టీస్ చేయించే పనిలో ఉండేవాడు, వినేవాడు ఆశీర్వాదం ఒక్కడే. మొదట్లో ఆవిడ చెప్పిన దొరసానమ్మ పొట్టి మనిషి, కళ్లజోడు పెట్టుకునేది, వరండాలో ఆవిడ బూట్ల చప్పుడైతే పిల్లలు ఊపిరి బిగబట్టేవాళ్లు. ఎండలు ముదిరేసరికి బూట్ల చప్పుడు మాయమైంది. చలికాలానికి దొరసానమ్మ పొడుగు మనిషి అయింది. "కళ్లజోడా? ఎప్పుడు పెట్టుకుంది? ఎంత చక్కటి కళ్లో చూడు," అంది కరుణమ్మ, ఆ మాట మొదట చెప్పింది తానే అయినా.

ఆశీర్వాదం కుర్చీ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఎక్కడో ఒక ఆడమనిషి సొంత ఊరు వదిలి, సముద్రం దాటి వెళ్లి, దిక్కులేని పిల్లల్ని పెంచి, అక్కడే మట్టయిపోయింది. ఆవిడ మొహం ఈ భూమి మీద ఒక్క ముసలావిడ తలకాయలో మిగిలి ఉంది. దాన్ని తాను ఆదివారం ఆదివారం ఆకురాయి పెట్టి అరగదీస్తున్నాడు. సిగ్గు, భయం అంతకు ముందూ ఉన్నాయి. ఇప్పుడు కలిగింది వాటికంటే పెద్దది. తాను ఒకరి మనిషిని దొంగిలించాడని ఆయన స్పష్టంగా అనుకున్నాడు.

"చెప్పేస్తాను," అన్నాడు మణితో.

"చెప్పండి. ఆవిడ దొరసాని కాదు, సిగరెట్ పెట్టెలోది అని చెప్పండి. తర్వాత కరుణమ్మ గారికి ఏం చూపిస్తారు? ఉత్త గోడా?" అంది మణి.

ఆ మాటకు జవాబు కోసం ఆయన ఫోను పట్టుకున్నాడు. అందులో కొంత తొందర కూడా ఉంది. జూన్‌లో సంఘం వార్షికోత్సవం, మిషనరీల ఫొటోలు సేకరించే భారం ప్రభువు మీకు ఎలా పెట్టాడో అందరి ముందూ లేచి సాక్ష్యం చెప్పాలి అని దేవకుమార్ ముందే చెప్పి ఉన్నాడు. ఆశీర్వాదం కాదనలేదు.

పాత మిషన్ల కాగితాలు, ఫొటోలు దాచే లైబ్రరీ ఒకటి పెన్సిల్వేనియాలో ఉందని తెలిసింది. హార్నర్ అనే ఆవిడ పేరు ఉందని, ఫొటో ఒకటుందని ఫోనులో చెప్పారు. మే నెలాఖరు సెలవులకు భార్యాభర్తలు కారెక్కారు. ఒహాయో అంతా అడ్డంగా దాటేలోపల మణి నిమ్మకాయ పులిహోర రెండు డబ్బాలు ఖాళీ చేసి, వెనక సీట్లో నిద్రపోయి, లేచి, ఇంకా ఒహాయోలోనే ఉన్నామా అని అడిగింది. ఉన్నామని చెప్పాడు.

లైబ్రరీలో ఒక పెద్దావిడ చేతులకు తెల్ల తొడుగులు వేసుకుని కవరు తెచ్చింది. అందులో ఉన్నది ఒక్కటే ఫొటో. పొట్టి మనిషి, గుండ్రటి కళ్లజోడు. నున్నగా వెనక్కి దువ్వి బిగించిన జుట్టు. పెదవులు ఆశీర్వాదం గీసే గడియల్లా గట్టిగా పడి ఉన్నాయి. ఆవిడ కెమెరాను చూస్తున్నట్టు లేదు, కెమెరా సరిగ్గా నిలబడిందా లేదా అని చూస్తున్నట్టుంది. వెనక పెన్సిలుతో పేరు, ఇండియాకు వెళ్లిన సంవత్సరం, అక్కడే చనిపోయిన సంవత్సరం రాసి ఉన్నాయి. మధ్యలో ఒకసారి కూడా తిరిగి వచ్చినట్టు లేదు.

"కరుణమ్మ గారు మొదట చెప్పినట్టే ఉన్నారు," అంది మణి మెల్లగా. ఆశీర్వాదం ఫొటోకు కాపీ తీయించుకుని, గట్టి అట్టల మధ్య పెట్టుకుని వచ్చాడు.

తర్వాతి వారం ఆఫీసుకు ఒకపూట సెలవు పెట్టి, దేవకుమార్ ఇంట్లో లేని వేళ చూసుకుని వెళ్లాడు. ముందు చెప్పాల్సింది కొడుక్కి కాదు, తల్లికి అని ఆయన నిర్ణయించుకున్నాడు. ఆవిడ ఒక్కర్తే ఉంది. పెద్ద రిక్లైనర్ కుర్చీలో కాళ్లు చాపుకుని, మోకాళ్ల మీద వేడి చేసే గుడ్డ వేసుకుని కూర్చుంది. పక్క స్టూలు మీద కోడలు పెట్టి వెళ్లిన అన్నం డబ్బా, మంచినీళ్లు, బైబిలు. తలుపు తాళం వేసి లేదు.

"లేవలేను నాయనా, ఇద్దరు పడితేగాని లేవలేను. నువ్వే కూచో," అంది.

ఆయన కూర్చోలేదు. కారులో వల్లెవేసుకున్నది ఉన్నదున్నట్టు అప్పజెప్పాడు. "అమ్మగారూ, గోడ మీదావిడ మీ దొరసానమ్మ గారు కాదు. ఆవిడ నాటకాల మనిషి. సిగరెట్ పెట్టెలో వచ్చిన బొమ్మ అది. ఆ రోజే చెప్పాల్సింది. నోరు రాలేదు."

కరుణమ్మ తల ఎత్తింది.

"సిగరెట్ పెట్టెలోనా?"

"అవునమ్మా."

"ఆవిడ తాగేదా?"

"తెలీదమ్మా. తాగేవాళ్ల కోసం పెట్టేవాళ్లు."

"నువ్వు తాగుతావా?"

"లేదమ్మా."

"మరి నీకెందుకు అయ్యి?"

ఈ ప్రశ్నకు జవాబు కారులో వల్లెవేసుకోలేదు. "చిన్నప్పుడు నాటకం చూడనివ్వలేదమ్మా," అన్నాడు, ఇంకేమీ తోచక.

ఆవిడ తల ఊపింది. అది ఆవిడకు అర్థమయ్యే సంగతే. "ఆ కొండ?" అని అడిగింది.

"బట్టతో చేసింది."

"అట్టానా," అంది. ఆవిడ మొహంలో కోపం లేదు, ఏదో దూరంగా వెళ్లిపోతుంటే చూస్తున్నట్టు ఉంది. ఆశీర్వాదానికి తన మీద తనకు అసహ్యం వేసింది. గబగబా అట్టలు విప్పి ఫొటో తీశాడు.

"అసలావిడ్ని తెచ్చానమ్మా. పెన్సిల్వేనియా వెళ్లి తెచ్చాను. వీరే హార్నర్ అమ్మగారు." ఫొటోను బైబిలుకు ఆనించి స్టూలు మీద నిలబెట్టాడు. ఆవిడ కళ్లజోడు వెతుక్కుని పెట్టుకుని, ముందుకు వంగి చూసింది.

తర్వాత కరుణమ్మ లేచి నిలబడింది. మోకాళ్ల మీద గుడ్డ కింద పడింది. కుర్చీ చేతులు రెండూ పట్టుకుని, ఒక్కసారిగా, ఎవరూ పట్టకుండానే లేచింది. ఆశీర్వాదం ఒక్క అంగలో దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. పైట సర్దుకుంది. చేతులు రెండూ వెనక్కి కట్టుకుంది. తల వంచుకుంది.

"కూర్చోండమ్మా. పడిపోతారు."

"ఎట్టా కూచునేది? చూస్తా ఉందిగా."

ఆవిడ గొంతు మారిపోయింది, సన్నగా అయిపోయింది. ఆశీర్వాదం ఏం చెయ్యాలో తెలియక తానూ పక్కనే నిలబడ్డాడు.

"ఈవిడేనామ్మా?"

"ఈవిడే. ఇదుగో, ఈవిడే." తల ఎత్తకుండానే మాట్లాడింది. "పసిదానప్పుడు పోయా ఆ కాంపౌండుకి. ఈవిడ పెట్టిన అన్నమే తిన్నా, ఈవిడ చెప్పిన చదువే చదివా. ఈవిడ లేకపోతే నేనేడుంటాను, మా అబ్బాయేడుంటాడు. ఒకసారి మశూచికం పోసింది నాకు. ఎవర్నీ దగ్గరికి రానీలా. తనే కుర్చీ వేసుకుని మంచం పక్కన కూచుంది, నేను లేచి తిరిగేదాకా. చెయ్యి మాత్రం వెయ్యలా. తల మీద ఒక్కసారి చెయ్యి వేస్తదేమోనని కళ్లు మూసుకుని నిద్ర నటించేదాన్ని. వెయ్యలా నాయనా."

దొంగిలించిన మొహాన్ని తిరిగి తెచ్చి ఇస్తున్నానని ఆశీర్వాదం ఒహాయో అంతా సంతోషపడ్డాడు. ఈ మొహాన్ని ఆవిడ ఎన్నడూ పోగొట్టుకోలేదని, దాని ముందు నుంచి కాస్త పక్కకు జరిగే వీలు మొట్టమొదటిసారి ఈ ఏడాదే ఆవిడకు దొరికిందని ఇప్పుడు తెలిసింది. అయినా తెచ్చిన పని పూర్తిచెయ్యాలి కదా అనుకున్నాడు.

"అయితే ఈ ఆదివారం నుంచి గోడకి ఈ ఫొటోనే పెట్టమంటారా అమ్మగారూ? అయ్యగారికి నేను చెప్పుకుంటాను."

"మా అబ్బాయికి చెప్పావా?"

"లేదమ్మా. ముందు మీకు చెబుదామని."

"చెప్పబాక." ఆవిడ కాళ్లు వణుకుతున్నాయి. "సాక్ష్యం నీకు బదులు నేను చెబుతాలే. ఈవిడ సంగతి ఉన్నదున్నట్టు చెబుతా, నీ పెట్టెల సంగతి నాకెందుకు. ముందు ఆ ఫొటో తీసి నా బైబిల్లో పెట్టి మూసెయ్యి నాయనా. కాళ్లు లాగతన్నాయి."

ఆశీర్వాదం ఫొటో తీసి, బైబిలు మధ్యలో పెట్టి, జాగ్రత్తగా మూశాడు. పూర్తిగా మూసుకుందా లేదా అని ఆవిడ ఓరగా చూసింది. మూసుకున్నాక వెనక్కి కట్టుకున్న చేతులు విప్పి, కుర్చీ తడుముకుని, మెల్లగా కూర్చుంది. ఆయన కింద పడ్డ గుడ్డ తీసి మోకాళ్ల మీద కప్పాడు.

"గోడకి ఆ నాటకాలావిడ్నే ఉండనీ నాయనా," అంది. "ఆవిడ ముందైతే కూచోవచ్చు."